నీటి దేవతలు, సముద్రపు జీవుల మీద కథలు రాస్తున్నా, మన ఒడిశా వైపు ఏం చెప్పుకుంటారు?

బరంపురం_అమ్మాయి:
నమస్తే అండీ. నీళ్ళ దేవతలు, దెయ్యాలు, వింత జీవులతో సొంతంగా కథలు రాద్దామని వివరాలు పోగు చేస్తున్నాను. నెట్‌లో ఎక్కడ చూసినా సగం చేప సగం ఆడపిల్ల బొమ్మే, అది నాకొద్దు. బాగా తెలిసింది చిలికా సరస్సులో దీవి మీదున్న కాళీజాయి అమ్మవారి కథ ఒక్కటే. జాయి అనే పిల్లకి పెళ్ళయి, తండ్రితో పడవలో అత్తారింటికి వెళ్తుంటే గాలివానకి పడవ తిరగబడుతుంది, తండ్రి బతుకుతాడు, పిల్ల మాత్రం దొరకదు. తర్వాత ఆ దారిన పోయే పడవవాళ్ళకి ఆమె గొంతు వినిపించేదట. దీన్ని దెయ్యం కథగా మార్చి రాయొచ్చా?

గోపాల్‌పూర్_తెప్ప:
చెల్లెమ్మా, దెయ్యంగా మాత్రం వద్దు. మకర సంక్రాంతికి ఆ దీవి జాతరకి ఎంతమంది పోతారో నీకు తెలుసు, ఆమెకి మొక్కుకునే పడవ తీసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పేరు మార్చి, ఊరు మార్చి, నీ సొంత పిల్లని పుట్టించుకో. మాది జాలర్ల ఇల్లు, ఒడియావాళ్ళు నోలియాలంటారు. మాకు సముద్రమే గంగమ్మ. కొత్త పడవ దింపేముందు దానికి పసుపు రాసి బొట్లు పెట్టి కొబ్బరికాయ కొడతాం. వేటకి పోయేవాణ్ణి "ఎప్పుడొస్తావ్" అని ఎవరైనా అడిగితే మా నాయనమ్మ ఊరుకునేది కాదు, మబ్బు పట్టిన రోజు అన్నం కూడా తినకుండా గుమ్మంలోనే కూర్చునేది. నువ్వు వింత జీవి కోసం వెతికే ముందు ఆ గుమ్మం దగ్గర కూర్చో, కథ అక్కడుంది.

ఛత్రపూర్_మాస్టారు:
పై మాట నిజమే, కానీ జీవుల్ని వదిలేయకమ్మా. చిలికాలో ఇరావడీ డాల్ఫిన్లకి పొడుగు ముక్కు ఉండదు, తల గుండ్రంగా ఉంటుంది, చేపల్ని తరిమేటప్పుడు నోటితో నీళ్ళు చిమ్ముతాయి. మునిమాపు వేళ పడవ పక్కనే అలాంటి తల పైకి లేచి బుస్సున ఊపిరి వదిలితే ఎవరనుకుంటారు? ఇక రుషికుల్యా నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు, ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, వేలకి వేలు ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి, కొన్నేళ్ళు అసలు గుంపుగా రానే రావు. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడో మగో తేలుతుంది. ఇంతకంటే వింత మనం కల్పించగలమా! పైగా కూర్మావతారం, మన శ్రీకూర్మం గుడి, అన్నీ దగ్గర్లోనే ఉన్నాయి.

సిరొంచ_గోదారి:
మాది మహారాష్ట్ర అంచు, సముద్రం లేదు, ప్రాణహిత ఉంది. మరాఠీవాళ్ళు సాతీ ఆసరా అని ఏడుగురు నీటి దేవతల్ని కొలుస్తారు, బావి గట్టునో మడుగు దగ్గరో సిందూరం పూసిన ఏడు రాళ్ళు కనిపిస్తాయి. బాలింతల్ని ఆ వైపు పోనివ్వరు.

బరంపురం_అమ్మాయి:
అన్నయ్యా, మాస్టారూ, చాలా థాంక్స్. కాళీజాయి జోలికి వెళ్ళను. తాబేళ్ళు రాని ఏడాది ఒక జాలరి ఇంట్లో ఏమవుతుందో రాయాలనిపిస్తోంది. వలలో తాబేలు పడితే మీవాళ్ళు ఏం చేస్తారు అన్నయ్యా?

గోపాల్‌పూర్_తెప్ప:
దేవుడని దండం పెట్టి వదిలేస్తాం, ఒక్కోసారి వల కోసి మరీ. కానీ వాటి కోసమే నవంబర్ 1 నుంచి మే 31 దాకా రుషికుల్యా ముందు వేట ఆపుతారు, ఏడు నెలలు. మొక్కేదీ దానికే, ఇంట్లో పొయ్యి చల్లబడేదీ దాని వల్లే. రెండూ రాయి చెల్లెమ్మా, ఒకటి రాసి ఒకటి వదిలేయకు.