అప్‌డేట్: వేపాకు లేపనం ఇప్పుడు కారడం లేదు

ఎండలు ముదిరాక, కొబ్బరినూనెలో కాచిన వేపాకు లేపనం డబ్బాలోనే నీరుగారిపోతోంది, ఏం చేయాలని అడిగాను కదా. తేనె మైనం కలపమన్నారు, కలిపాను. కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరిగిపోతుంది, కోనసీమ వేసవిలో అది గట్టిగా ఎలా ఉంటుంది! మైనం కరగాలంటే 62 దాటాలి. నాలుగు వంతుల అంబాజీపేట నూనెకి ఒక వంతు మైనం సరిపోయింది.

చెంచా పరీక్ష మాత్రం భలే పనికొచ్చింది. ఫ్రిజ్‌లో పెట్టిన స్టీలు చెంచా మీద వేడి లేపనం ఒక చుక్క వేస్తే కాసేపటికి పేరుకుంటుంది. వేలితో రాస్తే మెత్తగా జారాలి. పెళుసుగా విరిగితే మైనం ఎక్కువైనట్టు, ఇంకాస్త నూనె పోసుకోవచ్చు.

అసలు తలనొప్పి ఆకుతోనే. కాలవ గట్టు మీద ఇల్లు, గాలి నిండా తేమ. నలిపితే పొడి అయ్యేదాకా నీడలో ఆరబెట్టాల్సిందే, తడి మిగిలితే బూజు ఖాయం.

సంతలో కొన్న డబ్బా పక్కన పెట్టి చూశాను. అది చిలకపచ్చగా మెరుస్తోంది, సెంటు వాసన. నాది మట్టిపచ్చ, వేప వాసన. దానిలో రంగు కలిపారనే నా అనుమానం. అడుగున కాస్త కనరు వాసన కూడా ఉంది, అంటే నూనె పాతది.

పగిలిన మడమలకి మా అత్తయ్యగారు అప్పుడే ఒక డబ్బా పట్టుకెళ్లారు.