స్పాటింగ్‌ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా మండలంలో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ పంచే కరపత్రం ఒకటి తెలుగులో రాస్తున్నాను. నెలసరికి ఒకటి రెండు రోజుల ముందు కాఫీ రంగులో కొంచెంగా రక్తం కనపడుతుంది కదా, దాని గురించి ఒక పేరా ఉంది. డాక్టర్లు స్పాటింగ్ అంటారు. నాకిచ్చిన ముసాయిదాలో ‘ఋతుపూర్వ బిందుస్రావం’ అని ఉంది. చదివి వినిపిస్తే మా పక్కింటి పిన్నిగారు “అదేం జబ్బమ్మా?” అని అడిగారు. చాలామందికి అది జబ్బు కాదని చెప్పడానికే ఆ పేరా. మీ ఇళ్ళల్లో దీన్ని ఏమంటారో చెప్పండి.

జవాబు, తెనాలి:
మా అమ్మ ‘కనపడింది’ అంటుందండీ. ఏం కనపడిందో చెప్పదు, వినేవాళ్ళకి తెలుసు. “నిన్నట్నించీ కొంచెం కొంచెం కనపడుతోందే, ఇంకా పూర్తిగా రాలేదు” అంటుంది. మాటల్లో బాగానే ఉంటుంది. కాగితం మీద పెడితే ఏం కనపడిందని అడుగుతారేమో.

జవాబు, కరీంనగర్:
మా దిక్కు ‘బట్టకు మరకైంది’ అంటరు అక్కా. ముట్టు వచ్చుడు వేరే, మరకవుడు వేరే.

జవాబు, రాజమండ్రి (తెలుగు చెబుతాను):
కరీంనగర్ చెల్లెలు చెప్పిందే సరైన మాట. ఎందుకంటున్నానో కొంచెం వివరంగా రాస్తాను.

ఈ విషయానికి మన దగ్గర మాటలు తక్కువేం లేవు. ముట్టు, అంటు, మైల, దూరం, బయట చేరడం, బహిష్టు. వరసగా పెట్టి చూడండి. ఒక్కటైనా ఆ మనిషి ఒంట్లో జరిగేదాన్ని చెబుతోందా? ఆమెను ఎవరు తాకకూడదో, ఆమె ఎక్కడ కూర్చోవాలో చెబుతాయి, అంతే. సంస్కృతం నుంచి వచ్చిన బహిష్టు కూడా ‘బయట ఉన్నది’ అనే. ఆ లెక్కలో చుక్క పడినా ఒకటే, ధారగా పోయినా ఒకటే. మరక చూసిన క్షణం నుంచి వంటింటి గడప దాటకూడదు. మూడు రోజులూ అప్పటినుంచే మొదలు. కాబట్టి ‘కొంచెం’ అనేదానికి వేరే పేరు పెట్టుకోవాల్సిన అవసరమే ఆ ఇళ్ళకు రాలేదు.

ఒంటి సంగతి చెప్పే మాటలు బట్ట దగ్గర దొరుకుతాయి: తెల్లబట్ట, ఎర్రబట్ట. గుడ్డలు ఉతుక్కుని ఆరేసుకున్న ఆడవాళ్ళు కళ్ళారా చూసి పెట్టుకున్న పేర్లలా ఉంటాయి అవి. వాటిలో భయపెట్టే సంస్కృతం లేదు, దూరం పెట్టే ఆచారం లేదు. స్పాటింగ్‌కి కూడా మాట అక్కడినుంచే రావాలి. ‘నెలసరి ముందు మరక’ అనండి, చాలు. ‘స్రావం’ అనే మాట పక్కన ఎంత చిన్న బిందువును పెట్టినా పల్లెలో వినేవాళ్ళకు పెద్ద జబ్బులాగే వినపడుతుంది.

జవాబు, శ్రీకాకుళం జిల్లా (ఏఎన్ఎం):
మేడమ్ గారితో నేను నూరుపాళ్ళూ ఏకీభవిస్తాను. 2017లో గర్భం రాకుండా వేసే అంతర ఇంజెక్షన్ వచ్చింది, మూడు నెలలకొకటి. మొదటి నెలల్లో మధ్యమధ్యలో చుక్కలు పడటం మామూలే. “మధ్యలో ముట్టు రావచ్చు” అని చెబితే, “అన్ని రోజులు దూరంగా కూర్చుంటే ఇంట్లో ఎలాగమ్మా?” అని రెండో డోసుకు రావడం మానేస్తారు. “అప్పుడప్పుడు మరక పడుతుంది, భయం లేదు” అంటే ఆగి వింటారు. మాట మారితే ఇంజెక్షన్ మానకుండా కొనసాగిస్తారు.

జవాబు, హైదరాబాద్:
ఇది నా అనుభవం. పిల్లల కోసం ఒక ఆసుపత్రిలో చూపించుకుంటున్నప్పుడు “డేట్ వచ్చిన రెండో రోజు రండి, రక్తపరీక్ష, స్కాన్ చేస్తాం” అన్నారు. మూడో తారీఖున మరక కనపడింది. ఇంట్లో అలవాటు ప్రకారం అదే డేట్ అనుకుని నాలుగున సెలవు పెట్టి వెళ్ళాను. ఇంకా మొదలే కాలేదని వెనక్కి పంపారు. అసలు నెలసరి ఆరున వచ్చింది. ఏ రోజును మొదటి రోజు అనుకోవాలో ముందు ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. మీ కరపత్రంలో ఆ ముక్క దయచేసి పెట్టండి.

జవాబు, విజయవాడ (స్టాఫ్ నర్సు):
ఆ ముక్క నేను రాసిస్తాను. లోపలి బట్టకు అంటేంత మాత్రమే ఉండి, ప్యాడ్ పెట్టుకోవాల్సిన అవసరం పడకపోతే అది మరక. ప్యాడ్ కావాల్సినంతగా ఎర్రగా మొదలైన రోజే మొదటి రోజు. హైదరాబాద్ అమ్మాయి లెక్కే తీసుకోండి. ఆరున మొదలై పదిన ఆగితే నెలసరి ఐదు రోజులు. మరకతో కలిపి చెబితే ఎనిమిది అవుతుంది, డాక్టరు ఇంకో దారిలో ఆలోచిస్తారు.

ఎందుకొస్తుందంటే, అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ అనే హార్మోను గర్భసంచి లోపలి పొరను నిలిపి ఉంచుతుంది. నెలసరి దగ్గరపడేసరికి అది తగ్గిపోతుంది. పొర అక్కడక్కడ కాస్త ముందే విడితే ఆ కొంచెం రక్తం మెల్లగా దిగుతుంది. దిగేలోపు రంగు ముదురుతుంది.

ఇంకొకటి తప్పకుండా రాయండమ్మా. గర్భం నిలిచినప్పుడు కూడా కొందరికి సరిగ్గా ఇదే సమయంలో మరక పడుతుంది. మరకతోనే ఆగిపోయి నెలసరి రాకపోతే పరీక్ష చేసుకోవాలి. ప్రతి నెలా చాలా రోజులు మరకలు పడుతున్నా, భార్యాభర్తలు కలిసిన తర్వాత పడినా చూపించుకోవాలి. నెలసరి ఆగిపోయి ఏడాది దాటినవాళ్ళకు ఒక్క మరక కనపడినా ఆలస్యం చేయకూడదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాను: “నెలసరికి ఒకటి రెండు రోజుల ముందు బట్టకు కొంచెం మరక కనపడవచ్చు. చాలామందికి ఇది మామూలే. దాన్ని నెలసరిగా లెక్కపెట్టకండి. ప్యాడ్ కావాల్సినంతగా మొదలైన రోజునే క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. డాక్టరు అడిగితే మరక పడిన రోజును విడిగా చెప్పండి.” కింద నర్సుగారు చెప్పిన జాగ్రత్తలు ఉంటాయి.

జవాబు, కరీంనగర్:
మంచిగుంది అక్కా. ‘ప్యాడ్’ పక్కన ‘గుడ్డ’ అని కూడా పెట్టు. మా ఊర్ల సగం మంది ఇంకా గుడ్డనే వాడుతరు.