గోడమీది పెద్ద సాలీడును ఇంట్లో ఉండనివ్వవచ్చా?

తూర్పుగాలి: మా వంటింటి గోడమీద రాత్రిపూట అరచేతి వెడల్పు సాలీడు ఒకటి తిరుగుతోంది. గోధుమరంగు, బల్లపరుపు ఒళ్లు, పొట్ట కింద గుండ్రని తెల్లటి సంచి. బొద్దింకలను తింటుంది కాబట్టి ఉండనిద్దామని నేను, చంపమని మా అమ్మగారు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. తెలిసినవారు చెప్పగలరు.

నిశాచరుడు: మీరు చెప్పిన ఆనవాళ్లను బట్టి అది హెటెరోపోడా వెనటోరియా అనిపిస్తోంది, 1767లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ నమోదు చేసిన జాతి. ఇది గూడు అల్లి ఎర కోసం కాచుకునే రకం కాదు. పగలంతా తలుపు వెనకో, క్యాలెండరు వెనకో, అట్టపెట్టెల సందులోనో నక్కి ఉండి, చీకటి పడ్డాక బయలుదేరి, కనిపించిన బొద్దింక మీదికి ఒక్కసారిగా దూకి పడుతుంది. కాళ్లు పక్కలకు చాచుకుని ఉండడం వల్ల అంత పెద్ద జీవి కూడా సన్నని సందుల్లో దూరగలుగుతుంది. ఆ సంచిలో వందకు పైగా గుడ్లు ఉంటాయి. పిల్లలు బయటికి వచ్చేదాకా తల్లి దాన్ని వదలకుండా మోస్తుంది. చేత్తో పట్టుకోబోతే కరవవచ్చు, కరిస్తే నొప్పి పుడుతుంది కానీ ప్రాణానికి ముప్పు లేదు. ఉండనివ్వండి.

పెరటిజామ: వందకు పైగా పిల్లలు ఇంట్లో పుడతాయని మీరే చెప్పి, మళ్లీ ఉండనివ్వమంటున్నారు! మా చెల్లెలి కొడుకు మెడమీద ఒక రాత్రి సాలీడు పాకితే తెల్లారేసరికి నీటిపొక్కులు లేచాయి. మంచం కింద చచ్చిన సాలీడు దొరికింది కూడా. పైగా నెలనెలా దులిపినా మూలల్లో బూజు పడుతూనే ఉంటుంది. అది ఎవరు పెట్టినట్టు?

కొబ్బరాకు: ఫ్లోరిడాలో మా గరాజ్ గోడమీద కూడా ఇదే జాతి కనిపిస్తుంది. అరటిగెలలతో ఓడలెక్కి వచ్చిందని ఇక్కడ చెప్పుకుంటారు.

నిశాచరుడు: మంచం కింద సాలీడు చచ్చి ఉండడం సాక్ష్యం కాదు. వానల తరువాత వరిచేల వైపు నుంచి నారింజ, నలుపు పట్టీలున్న సన్నని పురుగులు ట్యూబ్‌లైటు చుట్టూ చేరతాయి. వాటి శాస్త్రీయ నామం పెడెరస్; పొడవు సుమారు ఒక సెంటీమీటరు. అవి కుట్టవు, కరవవు. నిద్రలో మనం వాటిని మెడమీద నలిపేస్తే ఒంట్లోని పెడెరిన్ అనే విషం చర్మానికి అంటుకుని, ఒకటి రెండు రోజుల్లో ఎర్రటి చార తేలి పొక్కులవుతుంది. చార మీద పొక్కులుంటే నేను ముందు ఈ పురుగునే అనుమానిస్తాను. ఆ పిల్లవాడికి చారలాగా వచ్చిందా, విడివిడిగా వచ్చాయా?

పెరటిజామ: వైద్యుడే ఏ పురుగని అడగకుండా మందు రాసిచ్చాడు, మీరు చార కొలవమంటున్నారు. బూజు సంగతి దాటవేశారు.

నిశాచరుడు: దాటవేయలేదు. మూలల్లో గజిబిజి గూడు కట్టేవి వేరే సాలీళ్లు: సన్నని పొడవాటి కాళ్లు, చిన్న ఒళ్లు; ముట్టుకుంటే గూటిలోనే ఒళ్లంతా గిరగిరా ఊపేస్తాయి. మీ బూజుకర్రకు చుట్టుకునేది వాటి పట్టే. పెద్ద సాలీడు మాత్రం తిండి దొరికేచోటే నిలుస్తుంది. అది మీ వంటింట్లో నిలిచిందంటే అక్కడ బొద్దింకలు ఉన్నట్టే లెక్క.

పెరటిజామ: అంటే మా వంటిల్లు మురికిదనా?

నిశాచరుడు: బొద్దింకలు ఉన్నాయన్నాను.

రెండో అంతస్తు: రెండూ ఒకటే కదండీ.

పెరటిజామ: ఒకసారి మా అత్తగారింటికి చుట్టాలు వచ్చినప్పుడు హాలు గోడమీద ఇలాంటిదే కనిపించింది. ఇల్లు దులిపే తీరిక కోడలికి లేదా అని నలుగురి ముందూ అడిగారు. ఆ సాలీడు గూడు కట్టదని అప్పుడు వాళ్లకు ఎవరు చెబుతారు? కాటుకు ప్రాణం పోదని మీరు ఎన్నిసార్లు రాసినా ఆ మాట పడేది నేను. నిశాచరుడు గారూ, మీ ఇంట్లో దులిపేదెవరు?

నిశాచరుడు: అది ఈ చర్చకు సంబంధించిన విషయం కాదు.

పెరటిజామ: మొదటి నుంచీ ఈ చర్చ దాని గురించే. చంపమన్న అమ్మగారే ఆ వంటింట్లో నిలబడి వండుతుంటే, ఉండనిద్దామనే అబ్బాయి ఇక్కడికి వచ్చి మనల్ని అడుగుతున్నాడు.

తూర్పుగాలి: మీరన్నది నిజమే, వంటిల్లు అమ్మగారిదే. చంపకుండా బయటికి పంపే దారి ఉంటే ఆవిడా ఒప్పుకుంటానన్నారు.

రెండో అంతస్తు: వెడల్పు మూతి గాజుసీసా బోర్లించి, గోడకూ సీసాకూ మధ్య గట్టి అట్ట మెల్లగా దూర్చండి. కాళ్లు నలగకుండా చూసుకోండి, పట్టపగలు పెరట్లో వదలకండి, కాకులు ఊరుకోవు.

పెరటిజామ: అబ్బాయే పట్టాలి, అమ్మగారి చేతికి సీసా ఇవ్వకూడదు.

నిశాచరుడు: ఎవరు పట్టినా అట్టను సంచికి ఒత్తకండి. దాన్ని బయట వదిలినా ఆ వంటింట్లో బొద్దింకలు మాత్రం మిగిలే ఉంటాయని మళ్లీ మనవి చేస్తున్నాను.