రెండు పిల్లలు పాలు తాగుతుండగానే మేకను మళ్లీ పోతుతో దాటించవచ్చా?

సందేహం (అంబాజీపేట దగ్గర పల్లె నుంచి)

మాకు మూడు నాటు మేకలున్నాయండి. పెద్దది కార్తీక పౌర్ణమి వెళ్లిన వారానికి ఈనింది. ఒక పోతుపిల్ల, ఒక పెంటిపిల్ల. ఇప్పుడు పిల్లలకు పది వారాలు దాటాయి. తల్లి మాత్రం బాగా చిక్కిపోయింది. రెండూ చెరోవైపు దూరి పొదుగు కుమ్ముతుంటే దాని వెనక కాళ్లు నేల మీద ఆనడం లేదు. మా ఆయన ఉగాది దాకా తాగనిద్దాం, పిల్లలు పుష్టిగా ఉంటే సంతలో రేటు వస్తుంది అంటున్నారు. పక్కింటి పిన్నిగారు చన్నులకు పేడ రాస్తే రెండు రోజుల్లో మానేస్తాయి అంటున్నారు. నిన్నటి నుంచి మేక తోక ఊపుతూ ఒకటే అరుపు, ఎదకొచ్చిందనుకుంటా. ఇప్పుడే దాటించేయాలా, ముందు పాలు మాన్పించాలా? ఇంకో టెన్షన్ కూడా ఉంది. పోతుపిల్ల అప్పుడే తల్లి మీదకు ఎక్కుతున్నాడండి.

ఆచంట వైపు నుంచి

మా నాన్నగారి రోజుల్లో ఎవరూ మాన్పించేవారు కాదండి. మళ్లీ చూలు కట్టాక తల్లే తన్ని తరిమేసేది. అప్పట్లో మేకలు పగలంతా గట్ల మీద తిరిగి మేసేవి, దానికి చెల్లేది. ఇప్పుడు చెరువులు తవ్వేశాక మేతకు చోటేది? పాలు మాన్పించాకే దాటించండి.

గోదావరి లంక గ్రామం నుంచి, ఇరవై మేకల రైతు

అమ్మా, ముందు పోతుపిల్ల సంగతి చూడండి, అది ఆగే పని కాదు. మూడో నెల నిండేసరికి కొన్ని పోతుపిల్లలకు దాటే శక్తి వచ్చేస్తుంది. నేను ఒక ఏడాది బద్ధకించి నాలుగో నెల దాకా కలిపే ఉంచాను. తోబుట్టువు పెంటిపిల్ల చూలు కట్టేసింది. తొమ్మిది నెలలకే ఈనలేక రాత్రంతా నొప్పులు పడి తెల్లారేసరికి పోయింది. పిల్ల కూడా దక్కలేదు. ఆ తప్పు నాది. కాబట్టి తల్లి దగ్గర పాలు మానినా మానకపోయినా, మూడో నెల నిండే లోపు వాణ్ణి తల్లి నుంచీ చెల్లెలి నుంచీ వేరు చేయాల్సిందే. మాంసానికి ఉంచుకునేవాడైతే పశువుల డాక్టరుగారితో విత్తు కొట్టించేయండి.

ఇక ఈ ఎదకు దాటించొద్దు. మేక 21 రోజులకోసారి ఎదకొస్తుంది, ఈసారి పోతే ఇంకోటి ఉంది. తల్లి నడుం మీద చెయ్యి వేసి చూడండి. వెన్నుపూస కొసలు రంపం పళ్లలా వేళ్లకు గుచ్చుకుంటే అది ఇంకా పిల్లల బాకీ తీరుస్తోందని అర్థం. అలాంటిదాన్ని దాటిస్తే చూలు నిలవకపోవచ్చు, నిలిచినా ఒంటిపిల్లే రావచ్చు, ఆ పుట్టింది కూడా నీరసంగా పుడుతుంది. వేలు నొక్కితే ఎముక తెలుస్తూ, పైన కాస్త కండ మెత్తగా తగలాలి. అప్పుడు దాటించాలి.

పాలు ఎప్పుడు మాన్పించాలంటే, తేదీ కంటే ముందు పిల్ల పొట్ట చూడాలి. రెండో వారం నుంచే పిల్లలు ఆకు కొరకడం మొదలుపెడతాయి గానీ, మేత అరిగించుకునే పొట్ట తయారవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మీవి ఆ వయసు దాటాయి. పుట్టినప్పటి బరువుకు మూడింతలు దాటి ఉండి, రోజూ దాణా ఎగబడి తింటూ, నీళ్లు తమంతట తాము తాగుతుంటే మూడు నెలలకు నిశ్చింతగా మాన్పించవచ్చు. ఇంకా పాల మీదే బతుకుతున్న పిల్లయితే నాలుగు నెలలున్నా మాన్పించగానే డీలా పడుతుంది. మీ ఆయన చెప్పే సంత రేటు సంగతి నిజమేనండి, కానీ మూడో నెల తర్వాత ఆ బరువు పాలతో కాదు, మేతతో రావాలి.

మన దగ్గర మేతకేం లోటు? పనసాకు మండలు కొబ్బరి తాడుతో పిల్ల మెడ ఎత్తుకు వేలాడదీయండి. నేల మీద పడేస్తే తొక్కేసి వాసన చూసి వదిలేస్తాయి, వేలాడితే చివరి ఈనె దాకా పీకుతాయి. అవిశ, సుబాబుల్, వరి కోసిన చేలో పిల్లిపెసర కూడా మంచివే. వాటితో పాటు తవుడు, మినప పొట్టు, కొంచెం వేరుశనగ చెక్క కలిపి పిల్లకు రోజుకు 100 నుంచి 150 గ్రాములు, రెండు పూటలుగా పెట్టండి. బలం వస్తుందని నూకలు, అన్నం మాత్రం దండిగా పెట్టొద్దు. పొట్టలో పులిసి పిల్ల పడిపోతుంది.

మాన్పించే పద్ధతి. మొదటి వారం రాత్రిళ్లు మాత్రమే వేరు చేయండి. తెల్లారాక ఒకసారి, సాయంత్రం ఒకసారి తాగనివ్వండి. తర్వాత సాయంత్రం పూట మానేయండి. ఆ తర్వాత పూర్తిగా విడదీయండి. అప్పుడు కదిలించాల్సింది తల్లిని, పిల్లల్ని కాదు. అవి తెలిసిన కొట్టంలో, తెలిసిన తొట్టి దగ్గర ఉంటే రెండు రోజులు అరిచి ఊరుకుంటాయి. తల్లిని వినపడనంత దూరంలో కట్టగలిగితే మేలు. ఒకే వెదురు దడికి అటూ ఇటూ ఉంచితే సందులోంచి చన్ను అందుకుంటాయి, నా కళ్లతో చూశాను.

పొదుగు విషయం. విడదీయడానికి నాలుగు రోజుల ముందు నుంచి తల్లికి దాణా ఆపేసి వరిగడ్డి, మామూలు మేత పెట్టండి. పాలు వాటంతటవే తగ్గుతాయి. నీళ్లు మాత్రం ఎప్పుడూ తగ్గించకూడదు. విడదీశాక రెండో రోజు, మూడో రోజు పొదుగు బిగుసుకుంటుంది. కంగారు పడి పూర్తిగా పితికేస్తే మళ్లీ అంత పాలూ చేరతాయి. మరీ రాయిలా ఉంటే ఒత్తిడి తగ్గేంత వరకే నాలుగు ధారలు తీయండి. వేడిగా, ఎర్రగా ఉన్నా, పాలలో పలుకులు కనిపించినా అది పొదుగు వాపు. వెంటనే డాక్టరుగారికి చూపించాలి, 1962కి ఫోన్ చేసినా పశువుల అంబులెన్స్ వస్తుంది.

పిన్నిగారికి కోపం రాకుండా చెప్పండి, పేడ వద్దు. చన్ను రంధ్రంలోంచి ఆ మురికి లోపలికి పోతే పొదుగే పాడవుతుంది.

పెనుగొండ నుంచి

ఒక్క మాట చేరుస్తాను. మనది కాలువల నేల, నత్తలుంటాయి, నత్తలున్న చోట కార్జపు జలగ (కార్జంలో చేరి రక్తం పీల్చే పురుగు) ఉంటుంది. మంచు ఆరకముందు కాలువ గట్టున మేపొద్దు. తల్లి కింది కనురెప్ప తిప్పి చూడండి, ఎర్రగా ఉండాలి. పాలిపోయి ఉంటే పేడ పరీక్ష చేయించి, దాటించక ముందే మందు పట్టించండి. చూలు కట్టిన మొదటి నెలలో అల్బెండజోల్ పట్టకూడదు, చూలు పోవచ్చు, పిల్ల అవిటిగా పుట్టవచ్చు. పిల్లలకు మూడో నెల దాటాక చిటుకు రోగం టీకా, పారుడు రోగం టీకా వేయించాలి. పాలు మాన్పించిన రోజే మాత్రం వద్దు, వారం పది రోజులు తేడా ఉంచండి. అన్ని కష్టాలూ పిల్ల మీద ఒకేసారి పడకూడదు కదా.

అడిగినవారు

చాలా థాంక్స్ అండి. నడుం మీద చెయ్యి పెట్టి చూశాను, మీరన్నట్టే గుచ్చుకుంటోంది. ఈ ఎద వదిలేశాం. మరి ఎప్పుడు దాటించమంటారు?

లంక రైతు

పాలు మానాక మూడు వారాలు ఒళ్లు పట్టనివ్వండి. పొదుగు ఎండిపోయాకే మళ్లీ దాణా మొదలుపెట్టి, రోజుకు పావుకేజీ చొప్పున దాటించే దాకా ఇవ్వండి. ఒళ్లు ఎక్కే దశలో దాటితే కవలలు నిలిచే అవకాశం పెరుగుతుంది. ఎద కనిపించిన పన్నెండు గంటలకు ఒకసారి, మరో పన్నెండు గంటలకు ఇంకోసారి దాటించండి. పోతు మాత్రం బయటిది కావాలి.

అయితే ఐదు నెలలు ముందుకు లెక్కేసుకోండి. మార్చి మొదట్లో దాటిస్తే ఆగస్టు మొదట్లో ఈనుతుంది, అది వరద కాలం. 2022 జూలై వరదకు నేను నాలుగు రోజుల పిల్లల్ని గంపలో పెట్టి పడవ ఎక్కించాను. ఆరింటిలో రెండు చలికి పోయాయి. మీది మెరక ఊరై, కొట్టంలో మంచె ఉండి, కింద తడి చేరకపోతే మార్చి పర్వాలేదు. ఈనడానికీ ఈనడానికీ ఎనిమిది నెలలు పడి రెండేళ్లకు మూడు ఈతలు వస్తాయి. పల్లమైతే ఒక ఈత ఆలస్యమైనా సరే, మే ఆఖరు దాకా ఆగండి. మా లంకలో నేను అలాగే ఆగుతున్నాను.

అడిగినవారు (మూడు వారాల తర్వాత)

మాది మెరకేనండి, మంచె కూడా వేయించాం. తల్లిని మా అత్తగారింట్లో కట్టి నాలుగో రోజు. మొదటి రాత్రి పెంటిపిల్ల గొంతు పోయేలా అరిచింది, నాకూ నిద్ర లేదు. ఇప్పుడు పనసాకు దగ్గర రెండూ పోటీ పడుతున్నాయి. పోతుపిల్లను వేరే గదిలో ఉంచాం. తల్లికి ఎడమ పొదుగు మెత్తబడింది, కుడివైపు ఇంకా గట్టిగానే ఉంది. వేడి లేదు. పితకాలా?

లంక రైతు

వేడి లేకపోతే, మేత మామూలుగా తింటుంటే ముట్టుకోవద్దమ్మా. పోతుపిల్ల ఎక్కువగా కుడివైపే తాగి ఉంటాడు, అటు పాలు ఆరడానికి ఇంకో రెండు రోజులు పడుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అరచెయ్యి పెట్టి చూస్తూ ఉండండి. రెండు వైపులా వేడి ఒకేలా ఉండాలి. తేడా తెలిస్తే ఆ పూటే డాక్టరుగారిని పిలవండి.