సెకండ్ హ్యాండ్ ఆయిల్ హీటర్ తీసుకోవచ్చా?

మాది అల్వాల్. డిసెంబర్‌లో తెల్లవారుజామున మా నానమ్మకు చలికి నిద్రే పట్టదు, రెండు రగ్గులు కప్పినా కాళ్లు చల్లగానే ఉంటాయి, పోయినసారి ఫ్యాన్ హీటర్ పెడితే గొంతు ఆరిపోతోందని ఆమే తీసేయించింది. ఇప్పుడు తెలిసినవాళ్లు ఐదేళ్లు వాడిన ఆయిల్ హీటర్ 3,500కి ఇస్తామంటున్నారు. కొత్తది కొనొచ్చు కానీ మన దగ్గర చలి ఉండేదే రెండు నెలలు, మిగతా పది నెలలు అటక మీదేగా!

కింద ఫిన్‌ల (వేడెక్కే నిలువు రేకుల) దగ్గర కొంచెం జిడ్డుగా ఉంది. ఆయిల్ కారుతున్నట్టేనా? లోపల సీల్ చేసే ఉంటుంది కదా, మరి కారితే బాగవుతుందా లేక పాత సామాన్లకు వేసేయడమేనా? ఇంకోటి, అది 2,000 వాట్లు, అంటే దాదాపు 9 ఆంప్స్, గదిలో ఉన్నదేమో 6 ఆంప్స్ సాకెట్. 16 ఆంప్స్ పాయింట్ వేయించక తప్పదా, 1,000 వాట్ల మీద పెట్టుకుంటే చాలా? వాడినవాళ్లు కాస్త చెప్పండి, ఆదివారం లోపు వాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి.