వినపడని చోట బ్లాంక్ వదలాలా, ఊహించి నింపాలా?

పెడల్ మీద కాలు (హైదరాబాద్):
అందరికీ నమస్కారం. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో, అంటే డాక్టర్లు చెప్పి రికార్డు చేసిన రిపోర్టులు విని టైపు చేసే పనిలో, పద్నాలుగేళ్లుగా ఉన్నాను, చివరి ఆరేళ్లు ఎడిటర్‌గా. పోయిన వారం మా ఫ్లోర్‌లో జరిగిన విషయం ఒకటి మనసులోంచి పోవడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

అమెరికా డాక్టరు చెప్పిన డిశ్చార్జి సమ్మరీ. డయాలిసిస్ మీదున్న పేషెంటు, బీపీ ఉంది, ఒళ్లంతా దురద కూడా ఉంది. మందుల దగ్గరికొచ్చేసరికి డాక్టరు వేగం పెంచేశాడు, సరిగ్గా అక్కడే పేజర్ మోగింది. వినపడింది ఇంతే: హైడ్రా ఏదో జీన్, 25 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు. హైడ్రాలజీన్ అయితే బీపీకి, హైడ్రాక్సిజీన్ అయితే దురదకు. రెండూ 25లో దొరుకుతాయి, రెండింటినీ రోజుకు మూడుసార్లు రాస్తారు. ఈ పేషెంటుకు రెండు బాధలూ ఉన్నాయి. అంటే డోసు చూసి తేల్చలేం, జబ్బు చూసీ తేల్చలేం.

ఫైలు చేసిన అమ్మాయి చేరి ఎనిమిది నెలలు. స్పీడు తగ్గించి ఆరుసార్లు విన్నది, తేలక బ్లాంక్ వదిలి, ఆడియోలో ఎన్నో నిమిషం దగ్గరో రాసి ఫ్లాగ్ పెట్టింది. మా లీడ్ వచ్చి, "ఈ ఫైల్లో ఇది మూడో బ్లాంక్, ఈ డాక్టరు పాత శాంపిల్స్ చూడు, ఎక్కువగా హైడ్రాలజీనే రాస్తాడు, వేసేసి అప్‌లోడ్ చెయ్యి" అన్నాడు. వేసేసింది. టీ బ్రేక్‌లో నా దగ్గరికొచ్చి "మేడం, నేను చేసింది తప్పా?" అని అడిగింది. నేను ఆ ఫైలు తెరిచి విన్నాను, నాకూ తేలలేదు. బ్లాంక్ మళ్లీ పెట్టి, డాక్టరుకు క్వెరీతో పంపాను. టీఏటీ (ఫైలు తిరిగి పంపాల్సిన గడువు) దాటిందని నాకో మెయిల్ వచ్చింది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. తెలియని మందు పేరును తెలిసినట్టు రాయడం అబద్ధం చెప్పడమే. కానీ మా ఫ్లోర్‌లో సగం మంది బ్లాంక్ అంటే చేతకానితనం అంటున్నారు. మీరేమంటారు?

క్యూఏ కళ్లజోడు (బెంగళూరు):
మేడం, మీ మాట మీద గౌరవం ఉంది కానీ నేను ఒప్పుకోను. క్యూఏలో, అంటే టైపైన రిపోర్టుల నాణ్యత చూసే పనిలో, రోజుకు నా ముందుకొచ్చే బ్లాంక్‌లలో ఎక్కువ భాగం, డిక్షనరీ తెరిచి అరనిమిషం వెతికితే దొరికేవే. నిన్న ఒకతను 'ఇలియమ్' దగ్గర బ్లాంక్ పెట్టాడు. తుంటి ఎముకలో ఒక భాగానికీ, పేగులో ఒక భాగానికీ పలకడంలో ఇదే పేరు. చెప్తున్నది తుంటి ఎముక సర్జరీ గురించి, పేగు గురించి మాటే లేదు, ఏ ఇలియమో ఇంకెవరు చెప్పాలి? డిస్‌ఫేజియానా (మింగలేకపోవడం), డిస్‌ఫేసియానా (మాట సరిగా రాకపోవడం) అన్నదీ అంతే. మింగలేకపోతున్నాడని పై వాక్యంలోనే ఉంటే ఆలోచించాల్సిందేముంది. సందర్భం చూసి పదం పట్టుకోవడమే మన పని, లేకపోతే మనకూ టైపిస్టుకూ తేడా ఏంటి? బ్లాంక్‌లు నిండిన రిపోర్టు డాక్టరు దగ్గరికెళ్తే ఆయన విసుక్కుంటాడు, అన్నీ నింపడు, అలాగే సంతకం పెట్టేస్తాడు. అప్పుడు పేషెంటుకు మేలు జరిగిందా?

మీ లీడ్ శాంపిల్ చూడమనడంలో తప్పేమీ లేదు. ప్రతి డాక్టరుకూ ఒక అలవాటు ఉంటుంది, అదీ సమాచారమే.

తెనాలి ఇంటి నుంచి:
సార్, మీరు క్యూఏ సీట్లోంచి మాట్లాడుతున్నారు. నేను తొమ్మిదేళ్లుగా ఇంటి నుంచి చేస్తున్నాను, నా వైపు లెక్క కూడా వినండి. మాకు జీతం లైన్ల మీద. లైనంటే స్పేసులతో కలిపి 65 అక్షరాలు. నాకొచ్చేది లైనుకు రూపాయి లోపే, అదే వాయిస్ రికగ్నిషన్ ముందే టైపు చేసిన డ్రాఫ్టు దిద్దితే అందులో దాదాపు సగం. ఒక మందు పేరు కోసం పది నిమిషాలు వెతికితే ఆ పది నిమిషాలకు నాకు దక్కేది పైసల్లో. ఇక బ్లాంక్‌లు ఎక్కువైతే ఆ నెల ఇన్సెంటివ్ పోతుంది. తప్పు రాస్తే మాత్రం, ఆడిట్‌లో ఆ ఫైలు పడితేనే పట్టుబడతాను, అన్ని ఫైళ్లూ ఆడిట్‌కు వెళ్లవు కదా. వదిలేస్తే కోత ఖాయం, ఊహించి రాస్తే బహుశా ఏమీ కాదు. ఇలా కట్టిన లెక్కలో నిజాయితీగా ఉండమని మాకు నీతులు చెప్తే ఎలా?

నేనూ ఊహించి వేశాను, దాచను. పిల్లాడి స్కూలు ఫీజు కట్టాల్సిన నెలలో ఎక్కువ వేశాను. తర్వాత నిద్రపట్టని రోజులున్నాయి.

క్యూఏ కళ్లజోడు (బెంగళూరు):
తెనాలి గారూ, మీ బాధ అర్థమవుతుంది. రేట్ల విషయంలో నేను మీ పక్షమే.

వార్డు నర్సు (టెక్సాస్):
నేను గుంటూరులో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి ఇక్కడికొచ్చాను, మీరు టైపు చేసే రిపోర్టులు చదివే చివరి మనిషిని. మీలో చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్పాలి. డాక్టరు సరిచూస్తాడు, సంతకం పెడతాడు అన్న భరోసాతో మీరు పంపిస్తారు. కానీ పేషెంటును ఇంకో చోటికి పంపేటప్పుడు ఆ సంతకం ఇంకా పడకుండానే కాగితం మా చేతికి రావచ్చు.

అలబామాలో 2008లో జరిగింది ఇదే. షుగరు పేషెంటు ఒకామెను ఆసుపత్రి నుంచి రీహాబ్ సెంటర్‌కు పంపారు. డాక్టరు డిక్టేషన్‌లో చెప్పింది ఇన్సులిన్ 8 యూనిట్లు. చేతులు మారి మారి ఇండియాలో టైపైన సమ్మరీలో అది 80 అయింది. డాక్టరు సంతకం చేయని ఆ కాగితం చూసే అక్కడి నర్సు ఆర్డర్లు రాసుకుంది, 80 యూనిట్లూ ఇచ్చారు, పేషెంటు చనిపోయింది. 2012లో జ్యూరీ 14 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని తీర్పిచ్చింది.

ఎనిమిది పక్కన ఒక్క సున్నా అండీ. అక్కడ బ్లాంక్ ఉండుంటే ఆ నర్సు ఫోన్ చేసేది. బ్లాంక్ కనిపిస్తే నేను ఆగుతాను, ఫోన్ చేస్తాను, ఎవరినో ఒకరిని నిద్రలేపి అడుగుతాను. చక్కగా టైపు చేసిన అంకె కనిపిస్తే ఎందుకు ఆగుతాను? 1.0 అని రాస్తే పొరపాటున 10 అని చదువుతారనే కదా, చివర సున్నా పెట్టొద్దని, అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని రాతల జాబితాలో చేర్చింది. చుక్క కూడా కనపడకుండా పోయే కాగితాలు ఇవి. పాత శాంపిల్ చూసి అంకెలు వేసే అలవాటు ఎవరికైనా ఉంటే దయచేసి ఈ రోజే మానేయండి.

క్యూఏ కళ్లజోడు (బెంగళూరు):
అంకెల విషయంలో మీరు చెప్పింది పూర్తిగా ఒప్పుకుంటున్నాను. డోసు మీద అనుమానం వస్తే నేనూ వదిలేయమనే చెప్తాను. నా అభ్యంతరం ప్రతి కష్టమైన పదాన్నీ బ్లాంక్ చేసి చేతులు దులుపుకునే వాళ్ల మీద. ఆ రెండింటినీ ఒక గాటన కట్టకండి.

అమీర్‌పేట పాత విద్యార్థి:
అసలు సంగతి ఇంకా వెనక్కి వెళ్లి చూడాలి. రెండు వేలు దాటిన కొత్తలో మైత్రీవనం చుట్టూ ఎంటీ (మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్) కోర్సుల బోర్డులు ఎలా ఉండేవో గుర్తుందా? ఆరు నెలల కోర్సు, వంద శాతం ప్లేస్‌మెంట్ అన్నారు. మా బ్యాచ్‌కు అనాటమీ చెప్పినాయన రెండు వారాలకే మానేశాడు. అసలైన డాక్టరు డిక్టేషన్ ఒక్కటి కూడా వినిపించలేదు, పుస్తకంలోని రిపోర్టులు వాళ్ల సారు చదివి రికార్డు చేసినవే. చివర్లో మాకు రెండేళ్ల ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు ఇచ్చారు. నేనూ తీసుకున్నాను. ఆ లెటర్‌తోనే ఉద్యోగం వచ్చింది, అందుకే మొదటి ఏడాదంతా తెలియదని నోరు విప్పి అడగలేకపోయాను. రెండేళ్ల అనుభవం ఉందన్న మనిషి 'ఆడక్షన్, అబ్‌డక్షన్ తేడా ఏంటి' అని ఎలా అడుగుతాడు? ఊహించి రాయడం నాకు అలవాటైంది అక్కడే. ఒక అబద్ధం మీద సీటు దొరికితే, రోజూ చిన్నచిన్న అబద్ధాలతో దాన్ని నిలబెట్టుకోవాల్సి వచ్చింది. మా ఎడిటర్ అక్క ఒకావిడ కనిపెట్టి, ఎవరికీ చెప్పకుండా, రోజూ షిఫ్ట్ అయ్యాక గంట కూర్చోబెట్టి నేర్పింది. నేను ఇప్పటికీ ఈ పనిలో ఉన్నానంటే ఆవిడ వల్లే.

అందుకే కొత్తవాళ్లు బ్లాంక్ వదిలితే నాకు సంతోషం. తెలియదని చెప్పే ధైర్యం వాళ్లకైనా ఉంది.

ఇంకో మాట. మనలో ఇంకా ఉన్న జబ్బు, తన లాగిన్ కింద పని ఇంకొకరికి ఇవ్వడం. ఫైళ్లు ఎక్కువ తీసుకుని, తమ్ముడికో స్నేహితురాలికో వాట్సాప్‌లో ఆడియో పంపి, లైనుకు ఇన్ని పైసలని పంచుకోవడం. 2003లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ఆసుపత్రికి ఏం జరిగిందో తెలుసు కదా. కాంట్రాక్టు తీసుకున్న సంస్థ ఇంకొకరికి, వాళ్లు ఇంకొకరికి ఇస్తూ పోతే చివరికి పని చేసింది కరాచీలో ఒకావిడ. డబ్బులు రాకపోయేసరికి పేషెంట్ల రికార్డులు ఇంటర్నెట్‌లో పెడతానని నేరుగా ఆసుపత్రికే మెయిల్ పంపింది. ఆవిడెవరో కూడా ఆసుపత్రికి అప్పటిదాకా తెలియదు. ఆవిడ చేసింది తప్పే, కానీ ఆ గొలుసులో ఒక్కొక్కరూ ఎంత మిగుల్చుకుని కిందికి నెట్టారో కూడా చూడాలి. 2009లో వచ్చిన హైటెక్ చట్టం తర్వాత కాంట్రాక్టు తీసుకున్న సంస్థలు కూడా నేరుగా హిపా (పేషెంట్ల వివరాల గోప్యతకు అమెరికా చేసిన చట్టం) కిందికొచ్చాయి. మన ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద తెరిచి ఉన్న ఫైల్లో ఎవరిదో క్యాన్సర్ రిపోర్టు ఉంటుంది, ఆ మనిషికి మనమెవరో తెలియదు. చట్టం సంగతి అలా ఉంచినా, పక్కింటివాళ్లు మన అమ్మ రిపోర్టు అలా చదువుతుంటే ఊరుకుంటామా?

తెనాలి ఇంటి నుంచి:
వాట్సాప్ సంగతి నిజం. నాకూ ఆ ఆఫర్లు వచ్చాయి, చేయలేదు.

విశాఖ స్క్రైబ్:
నేను ఎంటీ మానేసి మూడేళ్లుగా వర్చువల్ స్క్రైబ్‌గా చేస్తున్నాను. డాక్టరూ పేషెంటూ మాట్లాడుకుంటుంటే సాఫ్ట్‌వేరే నోట్ రాస్తుంది, నేను సరిచూస్తాను. మీరంతా మనిషి బ్లాంక్ వదలాలా వద్దా అని వాదిస్తున్నారు, నా సమస్య వేరే. ఈ సాఫ్ట్‌వేర్ ఇచ్చే నోట్లో బ్లాంక్ అనేదే కనపడదు. వినపడకపోయినా వాక్యం పూర్తి చేస్తుంది, గ్రామర్ కూడా చక్కగా ఉంటుంది. మాటలను రాతగా మార్చే విస్పర్ అనే ఏఐ మోడల్ మీద 2024లో వచ్చిన ఒక అధ్యయనంలో, దాదాపు నూటికి ఒక ఆడియో ముక్కలో అసలు ఎవరూ అనని మాటలు చేర్చిందని తేలింది, అదీ మాటల మధ్య మౌనం ఎక్కువ ఉన్న చోట్ల ఎక్కువ. మొన్న నేను చూసిన నోట్లో పేషెంటు దగ్గుతూ ఆగిపోయిన చోట 'జ్వరం లేదు' అని రాసి ఉంది. ఆడియోలో ఆ మాటే లేదు. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను కాబట్టి దొరికింది. చదివి ఊరుకుంటే అనుమానమే రాదు, అంత సహజంగా ఉంది.

అందుకే క్యూఏ సార్ లాంటివాళ్లకు నా విన్నపం. ఊహించి నింపడానికి ఇక మనిషి అక్కర్లేదు, ఆ పని మిషను మనకంటే వేగంగా చేస్తుంది. ఇది నాకు వినపడలేదు, డాక్టరును అడగండి అని ఆపే మనిషి కావాలి. ఆ మనిషికే కోత పెడితే ఈ పనిలో మన అవసరం ఏం మిగిలింది?

క్యూఏ కళ్లజోడు (బెంగళూరు):
ఈ మాట దగ్గర ఆగిపోయాను. నిజం చెప్పాలంటే మా స్కోరు షీట్లో బ్లాంక్‌కు ఒకటే కాలమ్ ఉంది. వెతికితే దొరికే బ్లాంక్, ఎవరికీ వినపడని బ్లాంక్ అని తేడా లేదు. ఆడియోలో అసలు వినపడకపోతే మార్కులు తీయకూడదని నేను చదువుకున్నప్పుడే నేర్పారు, కానీ షీట్లో ఆ వెసులుబాటు లేకపోతే నేను ఎలా ఇస్తాను? సోమవారం మీటింగ్‌లో రెండో కాలమ్ అడుగుతాను. ఇస్తారని మాట ఇవ్వలేను. మేడం, ఇంతకీ ఆ మందు ఏదని తేలింది?

పెడల్ మీద కాలు (హైదరాబాద్):
రెండు రోజులకు డాక్టరు దగ్గర్నుంచి జవాబు వచ్చింది. హైడ్రాలజీనే. మా లీడ్ చెప్పిందే.

ఫ్లోర్‌లో అందరూ "చూశారా" అన్నారు. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను, ఆ డాక్టరు రెండు మందులూ రాసే డాక్టరే, ఈసారి ఇది అయింది, వచ్చే పేషెంటుకు రెండోది కావచ్చు, ఆ రోజు నీ చెవికి వినపడింది ఎంతో అంతే నువ్వు రాశావు, దానికి తలదించుకోవద్దు అని. లీడ్‌తో కూడా మాట్లాడాను, గొడవ పడలేదు. మందు పేరు, డోసు, కుడి ఎడమలు, ఈ మూడు చోట్ల వదిలిన బ్లాంక్‌లను నేను ఇంకోసారి విని నాకూ తేలకపోతే ఆమె లెక్కలోంచి తీసేస్తామని ఈ నెల వరకు ఒప్పుకున్నాడు.

క్యూఏ గారూ, మీకు ఒకటి చెప్పాలి. నిన్న రాత్రి అదే అమ్మాయి ఇన్సులిన్ యూనిట్ల దగ్గర బ్లాంక్ పంపింది, ఫిఫ్టీనా (15), ఫిఫ్టీయా (50) అని. నేను విన్నాను. నాలుగు లైన్ల కింద డాక్టరే అదే డోసును 'వన్ ఫైవ్' అని విడదీసి చెప్పాడు. చివరిదాకా వినకుండా వదిలేసింది. అది నింపించాను, కొంచెం గట్టిగానే మందలించాను కూడా. మీ షీట్లో రెండో కాలమ్ వస్తే ఇక్కడ పెట్టండి, మా వాళ్లకు చూపించి అడుగుతాను.