మైకేల్ ఇన్‌సైడ్ చూసినవాళ్ళున్నారా? మీకేమనిపించింది?

ఫ్రాంక్ బెర్రీ తీసిన ఐరిష్ సినిమా, 2017ది, నిన్న రాత్రి చూశా, ఇంకా మనసులోంచి పోవట్లేదు. డబ్లిన్‌లో తాతయ్య దగ్గర పెరిగే 18 ఏళ్ళ కుర్రాడు, ఫ్రెండ్ వాళ్ళన్న ఇచ్చిన డ్రగ్స్ సంచి ఇంట్లో దాచి దొరికిపోతాడు, మూడు నెలలు జైలు. కథ అంతే. కానీ లోపల బతకడానికి వాడు ఎలా గట్టిపడిపోతాడో చూస్తుంటే గుండె పిండేసినట్టయింది, బయట ఆ ముసలాయన ఒక్కడే ఉండటం ఇంకా బాధేసింది.

మా రూమ్మేట్ మాత్రం చాలా స్లో, జైలు సినిమాలో ఫైట్లు, పారిపోవడాలు లేకపోతే ఎలా అన్నాడు. నాకైతే అదే నిజంలా అనిపించింది, జైలుకెళ్ళొచ్చినవాళ్ళతో మాట్లాడి, వాళ్ళతో కలిసి చేశారంట మరి. ఐర్లాండ్ వాళ్ళ సినిమా, టీవీ అవార్డులు ఇఫ్టాలో బెస్ట్ ఫిల్మ్ కూడా వచ్చింది.

ఐర్లాండ్‌లో ఉన్న మనవాళ్ళెవరైనా చెప్పండి ప్లీజ్, అక్కడివాళ్ళు దీని గురించి ఏమనుకుంటారు, ఆ ఏరియాల్లో పిల్లల పరిస్థితి నిజంగా ఇలాగే ఉంటుందా? ఇంకోటి, మా తమ్ముడికి 16, ఈమధ్య వాడి స్నేహాలు చూస్తే భయమేస్తోంది, వాడికి చూపిద్దామనుకుంటున్నా. కొట్టుకునే సీన్లు తక్కువే గానీ ఉన్నవి చాలా కఠినంగా ఉన్నాయి. ఆ వయసు పిల్లలతో కూర్చుని చూసినవాళ్ళుంటే, వాళ్ళు ఎలా తీసుకున్నారో కాస్త చెప్తారా?